చేతి పట్టీకి అందని బీపీ

మా మేనమామకు బీపీ లేదన్నది మా ఇళ్లలో ఒక చిన్న గర్వకారణం. అరవై దాటినా, ఎక్కడ చేతికి పట్టీ కట్టి చూసినా 100/60కి అటూ ఇటూగానే చూపేది. ఈడువాళ్లు పొద్దున్నే మాత్రలు మింగుతుంటే ఆయన టీ తాగుతూ వాళ్లను ఆటపట్టించేవాడు. అలాంటి మనిషి ఒక వేసవి రాత్రి నెత్తురు కక్కుకున్నాడు. మహారాష్ట్ర సరిహద్దులోని మా సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. వంతెన దాటితే తెలంగాణ. మా తాలూకాలో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా బండి ముందుగా వంతెన వైపే తిరుగుతుంది. మూడో రోజు ఆసుపత్రిలో చేతికిచ్చిన కాగితంలో రెండో వరుసలో 'పోర్టల్ హైపర్‌టెన్షన్' అని ఉంది. హైపర్‌టెన్షన్ అంటే అధిక రక్తపోటు అని చెప్పగానే అత్తమ్మ కాగితం నా చేతిలోంచి లాక్కుంది.

"కాగితం మారిపోయిందిరా. వెళ్లి అడుగు."

"పేరు మామదే ఉంది కదా అత్తమ్మా."

"పేరు మీ మామదే. బీపీ ఎవరిదో."

కాగితం మారలేదు. కానీ ఆమె అనుమానం సరిగ్గా చిక్కుముడి మీదే పడింది. చేతికి పట్టీ కట్టి కొలిచే బీపీ వేరు, కాలేయానికి వెళ్లే సిరలో ఉండే బీపీ వేరు. మొదటిది తక్కువగా ఉన్నప్పుడు రెండోది ఎక్కువగా ఉండవచ్చు. అంతకన్నా వింతైన సంగతి, రెండోది పెరగడం వల్లే మొదటిది తగ్గవచ్చు. మామ విషయంలో జరిగింది అదే. అది ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. చివరికి అర్థమయ్యేలా చేసింది వైద్య పుస్తకాలు కాదు, మా ఊరి నది ప్రాణహితే.

మామూలుగా నెత్తురు గుండె నుంచి ధమనిలోకి, అక్కడి నుంచి వెంట్రుకకన్నా సన్నని కేశనాళికల్లోకి, వాటి నుంచి సిరలోకి, మళ్లీ గుండెకు చేరుతుంది. కేశనాళికలను ఒక్కసారే దాటుతుంది. పేగుల దగ్గర మాత్రం ఈ లెక్క మారుతుంది. తిన్నదాంట్లో చాలా భాగం పేగుల కేశనాళికల్లోంచి నెత్తురులో కలుస్తుంది. దాన్ని నేరుగా గుండెకు పంపితే మంచితో పాటు చెడూ ఒళ్లంతా పాకుతుంది. అందుకే ఆ నెత్తురు ముందుగా కాలేయానికి వెళ్లి, అక్కడ మరోసారి సన్నని నాళాల్లో వడపోతకు గురై, ఆ తర్వాతే గుండెకు చేరుతుంది. ఈ రెండు వలల మధ్య ఉన్న పెద్ద కాలువే పోర్టల్ సిర. బడి పుస్తకాల్లో 'కాలేయ నిర్వాహక సిర' అని చదువుకున్నది దీన్నే.

వార్ధా, వైన్‌గంగా కలిస్తే ప్రాణహిత అయినట్టు, పేగుల నుంచి వచ్చే సిర, ప్లీహం నుంచి వచ్చే సిర క్లోమం వెనకాల కలిసి పోర్టల్ సిర అవుతాయి. పొడవు సుమారు 8 సెంటీమీటర్లు, అంటే అరచేతి వెడల్పంత. అయినా కాలేయానికి నిమిషానికి చేరే దాదాపు లీటరున్నర నెత్తురులో నాలుగింట మూడు వంతులు దీని గుండానే వెళుతుంది. మిగతాది కాలేయ ధమని తెస్తుంది. అవతలి ఒడ్డున కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నట్టు, కాలేయమనే ఒక్క అవయవానికి ఇద్దరు పోషకులు. ఇంకో విశేషం గుర్తుపెట్టుకోవాలి. కాళ్ల సిరల్లో నెత్తురు వెనక్కు జారకుండా కవాటాలు ఉంటాయి. పోర్టల్ సిరలో అవి లేవు. ముందుకు దారి లేకపోతే నెత్తురు వచ్చిన దారినే వెనక్కు మళ్లుతుంది.

ఇంత నెత్తురు పారుతున్నా అక్కడ ఒత్తిడి చాలా తక్కువ. చేతి బీపీలో పై అంకె 120 ఉండేచోట పోర్టల్ సిరలో 5 నుంచి 10 మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న కాలేయం అంత మెత్తని స్పాంజి. లోపలికి వచ్చే సిరకూ, బయటికి వెళ్లే సిరకూ మధ్య ఒత్తిడి తేడా 5 పాదరసం మిల్లీమీటర్లు దాటనంత కాలం అంతా సవ్యంగా ఉన్నట్టే. 5 దాటితే పోర్టల్ హైపర్‌టెన్షన్. 10కి చేరితే నెత్తురు వెతుక్కునే పక్కదారులు ఉబ్బడం మొదలవుతుంది. 12కి చేరితే అవి చిట్లే ప్రమాదం. పట్టీ కొలతల్లో రెండు మూడు అంకెల తేడాను మనం లెక్కపెట్టం, ఇక్కడ ఆ రెండు మూడు అంకెల్లోనే ప్రాణం ఉంది. కొలవడం కూడా తేలిక కాదు. మెడలోని సిర గుండా సన్నని గొట్టాన్ని కాలేయం దాకా పంపి చూడాలి. అందుకే చాలా చోట్ల నేరుగా కొలవకుండా ఎండోస్కోపీ, స్కానింగ్, ప్లేట్‌లెట్ల సంఖ్య, కాలేయం ఎంత గట్టిపడిందో చెప్పే ఫైబ్రోస్కాన్ లాంటి ఆనవాళ్లతోనే అంచనా వేస్తారు.

ఇక ఒత్తిడి ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్న. సిరొంచ రైతుకు దీన్ని విడమరిచి చెప్పే అవసరమే లేదు. 2019లో దిగువన మేడిగడ్డ దగ్గర 85 గేట్ల బ్యారేజీ మొదలయ్యాక, వరదల కాలంలో నీరు ఎగదన్ని ప్రాణహిత ఒడ్డు పొలాల్లోకి ఎక్కడం వాళ్లు కళ్లారా చూశారు. అడ్డు ఒకచోట ఉంటుంది, మునక ఇంకోచోట కనిపిస్తుంది. కాలేయం ఇక్కడ బ్యారేజీ. మునిగే పొలాలు ప్లీహం, పేగులు, అన్నవాహిక, పొట్ట.

కాలేయంలోని సన్నని నాళాల పక్కన నక్షత్ర కణాలు అనే ఒక జాతి కణాలుంటాయి. 1876లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కుప్ఫర్ వీటిని మొదటిసారి వర్ణించాడు. మంచి రోజుల్లో వీటి పని విటమిన్ ఎ దాచుకుని నిమ్మళంగా ఉండటం. సారా, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మధుమేహంతో స్థూలకాయంతో పేరుకునే కొవ్వు, ఏదో ఒకటి కాలేయాన్ని ఏళ్ల తరబడి గాయపరుస్తుంటే ఈ కణాల స్వభావం మారిపోతుంది. దాచుకున్న విటమిన్‌ను వదిలేసి, గాయం మానిన చోట మచ్చ కట్టినట్టు పీచు పదార్థాన్ని ఉత్పత్తి చేస్తాయి. జల్లెడలా కన్నాలుండే నాళాల గోడలు మూసుకుపోతాయి. పీచు మధ్య మిగిలిన కణాలు ముద్దలు ముద్దలుగా పెరిగి నాళాలను నొక్కుతాయి. ఆ దశనే సిరోసిస్ అంటారు.

ఇది పూడిక లాంటి అడ్డు. దీనితో పాటు ఇంకో రకం అడ్డు కూడా ఉంది. స్వభావం మారిన నక్షత్ర కణాలకు కండరంలా బిగుసుకునే గుణం వస్తుంది. నాళాలను వదులు చేయాల్సిన నైట్రిక్ ఆక్సైడ్ కాలేయంలో తగ్గిపోతుంది, బిగించే పదార్థాలు పెరుగుతాయి. కాలేయంలో పెరిగిన అడ్డులో సుమారు మూడో వంతు ఈ బిగువే అని వైద్యుల అంచనా. పూడిక తీయడం కష్టం. బిగువును మాత్రం మందుతో కొంత సడలించవచ్చు.

ఇంతవరకు కథ సూటిగానే ఉంది. అడ్డు వచ్చింది, ఒత్తిడి పెరిగింది. నెత్తురు ఊరుకోదు కాబట్టి పుట్టుకతో మూసుకుపోయిన, లేదా పేరుకే ఉన్న చిన్న చిన్న దారులను తెరుచుకుంటుంది. అన్నవాహిక అడుగున, బొడ్డు చుట్టూ, మలద్వారం దగ్గర, మూత్రపిండం వైపు పక్క కాలువలు పుడతాయి. ఇన్ని దారులు తెరుచుకున్నాక ఒత్తిడి తగ్గాలి కదా. తగ్గదు. ఎందుకు తగ్గదన్న దగ్గరే ఈ జబ్బు అసలు గుట్టు ఉంది.

కాలేయంలో కరవైన నైట్రిక్ ఆక్సైడ్ పేగుల ధమనుల్లో మాత్రం పొంగిపొర్లుతుంది. అవి బార్లా తెరుచుకుంటాయి. అంటే దిగువన గేట్లు మూసుకుపోయిన సమయానికే ఎగువన వాన ఎక్కువైంది. పక్క కాలువలు తీసుకుపోయేదానికన్నా కొత్తగా వచ్చే ప్రవాహం ఎక్కువ. ఒత్తిడి తగ్గకపోగా అలాగే నిలుస్తుంది. అక్కడితో ఆగినా బాగుండేది. పేగుల ధమనులు అంతగా వెడల్పయ్యేసరికి ఒంట్లోని నెత్తురులో పెద్ద వాటా పొట్టలోనే నిలిచిపోతుంది. పెద్ద ధమనుల్లో ఒత్తిడి పడిపోతుంది. చేతికి పట్టీ కడితే 100/60.

మామ గర్వపడిన అంకె అదే. అది ఆరోగ్యం కాదు, లక్షణం. ఏళ్ల తరబడి బీపీ మాత్రలు వాడినవారిలో కొందరికి సిరోసిస్ ముదిరాక బీపీ 'దానంతట అదే నయమైనట్టు' కనిపిస్తుంది. సంబరపడాల్సిన విషయం కాదు.

మూత్రపిండాలకు పొట్టలో ఏం జరుగుతుందో తెలియదు. వాటికి తెలిసింది ఒక్కటే, తమ దగ్గరికి వచ్చే ధమనిలో ఒత్తిడి పడిపోయింది. ఒంట్లో నెత్తురు తగ్గిపోయిందని అవి నమ్ముతాయి. హార్మోన్లను పురమాయించి ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. ఆ నీరు మళ్లీ అదే సిరల్లోకి చేరి, అక్కడి ఒత్తిడికి కాలేయం పైపొర నుంచి, పేగుల నుంచి ఊరి పొట్టలో నిలుస్తుంది. జలోదరం అంటే ఇదే. ఊరు వరదలో మునిగి ఉంటే తహసీలు కరవు సహాయం కింద ట్యాంకర్లతో నీళ్లు పంపినట్టు.

ఉప్పు తగ్గించమని వైద్యులు ఎందుకు పోరు పెడతారో ఇక్కడ తెలుస్తుంది. రోజుకు 5 గ్రాములు, ఒక చిన్న చెంచాడు, అంతే. అందులోనే కూర ఉప్పు, మజ్జిగ ఉప్పు, పచ్చడి ఉప్పు అన్నీ ఇమడాలి. నది ఒడ్డు మనుషులం, ఎండు చేప లేని వర్షాకాలాన్ని ఊహించలేం. పొట్టలో నీరున్న మనిషికి ఒక్క ఎండు చేపల కూర ఎంత చేటో మామ ఆషాఢంలో రుజువు చేసి చూపించాడు. నాలుగు రోజుల్లో మూడు కిలోల బరువు.

నెత్తురు కక్కుకోవడం గురించి చెప్పాలి. పక్క కాలువలన్నిటిలో ప్రమాదకరమైనది అన్నవాహిక అడుగున ఉన్నది. అక్కడి సిరలు పైపొరకు చాలా దగ్గరగా ఉంటాయి, ఆసరా తక్కువ. బుడగ ఊదేకొద్దీ పెద్దదవుతూ పలచబడినట్టు అవి ఉబ్బేకొద్దీ గోడ పలచబడుతుంది. ముందస్తు నొప్పి ఉండదు. అప్పటికి రెండు రోజులుగా మామకు విరేచనం తారులా నల్లగా అవుతోంది, కడుపులో వేడి అనుకుని మజ్జిగ తాగాడు. తారు రంగు, జిగట, ఒక రకమైన దుర్వాసన కలిస్తే అది లోపల కారిన నెత్తురు. రక్తం వాంతి అయ్యేదాకా ఆగకూడని గుర్తు అది. మోకాలి నొప్పికి ఏం వాడుతున్నారని కూడా వైద్యుడు అడిగాడు. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఇలాంటివారిలో రక్తస్రావానికి కారణమవుతాయి, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి.

ఆ రాత్రి మా వాళ్లు ఆరుగురు రక్తదానానికి చేతులు చాచి నిలబడ్డారు. వైద్యుడు రెండు సీసాలతో ఆపాడు. డబ్బు గుంజాలని చూడలేదే అని ముందు ఆశ్చర్యపోయాం, తర్వాత నిర్లక్ష్యమేమోనని అనుమానపడ్డాం. ఆయన చేసింది సరైన పనే. పోగొట్టుకున్నంతా తిరిగి ఎక్కిస్తే పోర్టల్ సిరలో ఒత్తిడి మళ్లీ ఎగబాకి, మూసుకున్న చిల్లు మళ్లీ తెరుచుకుంటుంది. 2013లో బార్సిలోనా వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, హిమోగ్లోబిన్ 7కు పడేదాకా రక్తం ఎక్కించకుండా ఆగినవారిలో బతికి బయటపడినవారు ఎక్కువగా తేలారు. ఆ తర్వాత 7 నుంచి 8 మధ్య నిలపడమే లక్ష్యమైంది. పేగుల ధమనులను కుదించే సూదిమందు, యాంటీబయాటిక్, ఎండోస్కోపీతో ఉబ్బిన సిరలకు రబ్బరు బ్యాండ్లు, ఈ మూడూ వెంటవెంటనే జరగాలి. ఇన్ని ఉన్నా ఇలాంటి రక్తస్రావం తర్వాత ఆరు వారాల్లో దాదాపు ఆరుగురిలో ఒకరు చనిపోతున్నారు.

ప్లీహం సంగతికి వస్తే మా ప్రాంతానికి ప్రత్యేకమైన తికమక ఒకటి ఉంది. ఎడమ డొక్కలో గట్టిగా చేతికి తగిలే గడ్డను పెద్దవాళ్లు 'బల్ల' అంటారు. గడ్చిరోలి అడవుల్లో మలేరియా కొత్త కాదు. పదే పదే వచ్చిన మలేరియాతో ప్లీహం పెరగడమూ కొత్త కాదు. సికిల్ సెల్ జబ్బున్న పిల్లల్లోనూ పెరుగుతుంది. కాబట్టి మామ డొక్కలో బల్ల ఉందని తెలిసినా ఎవరూ కంగారు పడలేదు, పాత జ్వరాల గుర్తు అనుకున్నారు. నిజానికి అది పోర్టల్ సిరకు ఎగువన మునిగిన పొలం. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలో బంధిస్తుంది. లక్షన్నర కన్నా తగ్గిన ప్లేట్‌లెట్లు, కారణం తెలియని బల్ల కలిసి కనిపిస్తే కాలేయం వైపు చూడాలి. మనమే కాదు, 19వ శతాబ్దం చివర్లో ఇటలీ వైద్యుడు గ్విడో బాంటి కూడా మునిగిన పొలాన్నే వరదకు కారణం అనుకున్నాడు. ప్లీహమే ముందు చెడి కాలేయాన్ని చెడగొడుతుందని ఆయన వాదన. ఆయన పేరుతో ఆ జబ్బు చాలా కాలం పుస్తకాల్లో నిలిచింది.

ఇక మమ్మల్ని ఆసుపత్రి వరండా నుంచి ఊరి అరుగుల దాకా వెంటాడిన ప్రశ్న, "ఎంత తాగేవాడు?" గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. ఇప్పసారా గురించి తెలియనివారు ఎవరూ లేరు, అది వేరే సంగతి. సారా పెద్ద కారణమే, కాదనను. కానీ మామ చుక్క ముట్టని మనిషి. ఆయనకు తేలింది హెపటైటిస్ బి. ఏ సూది వల్ల వచ్చిందో, పుట్టుకతోనే వచ్చిందో ఇప్పుడు తేలదు. ఈ ప్రశ్న అడిగిన ప్రతి ఒక్కరికీ ఆయన తల వంచుకుని "లేదు" అని చెప్పడం, వాళ్లు నమ్మకుండా నవ్వడం చూశాను. జబ్బు కన్నా అదే ఆయనను ఎక్కువ కుంగదీసింది. హెపటైటిస్ బి, సి లకు ఉచిత పరీక్ష, చికిత్స కోసం 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం ఉంది. మా అమ్మతో సహా తోబుట్టువులందరికీ, పిల్లలకూ పరీక్ష చేయించాం, లేనివారికి టీకా వేయించాం. ఆ పని తాగుడు గురించిన ఆరా కన్నా వెయ్యి రెట్లు పనికొస్తుంది.

కాలేయం చెడకుండానే ఈ ఒత్తిడి వచ్చే దారులూ ఉన్నాయి, మన దేశంలో అవి అరుదు కాదు. పోర్టల్ సిర కాలేయంలోకి చేరకముందే గడ్డకట్టి మూసుకుపోతే, చెంగుచెంగున ఎగిరే ఎనిమిదేళ్ల పిల్లవాడు ఉన్నట్టుండి నెత్తురు కక్కుకుంటాడు. పసితనంలో బొడ్డుకు సోకిన చీము అందుకు ఒక కారణం కావచ్చు. కాలేయం బాగానే ఉంటుంది కాబట్టి సమయానికి బ్యాండ్లు వేసి ఆదుకుంటే ఆ పిల్లలు చక్కగా పెరుగుతారు. అడ్డు కాలేయం దాటిన తర్వాత కూడా ఉండవచ్చు. బయటికి వెళ్లే సిరలు గడ్డకట్టినా, క్షయ వల్ల గుండె చుట్టూ ఉన్న పొర గట్టిపడినా వెనకాల మునక ఒకటే. పొట్టలో నీరున్న ప్రతి మనిషినీ తాగుబోతు అనేవారు ఈ మూడో రకాన్ని చూస్తే ఏమంటారో.

మామ ఇంటికి వచ్చాక అత్తమ్మకు రెండో అనుమానం వచ్చింది. చీటీలో కార్వెడిలాల్ ఉంది. దుకాణదారు అది బీపీ మాత్ర అన్నాడు.

"బీపీ లేదన్నారు, ఉందన్నారు, లేని మనిషికి బీపీ మాత్ర ఇచ్చారు. మీ చదువులు నాకు అర్థం కావురా."

న్యాయమైన విసుగే. 1980లో ఫ్రాన్స్‌లో లెబ్రెక్ బృందం ఈ మందుల కుటుంబంలోని పాత మందు ప్రొప్రనలాల్ పోర్టల్ సిర ఒత్తిడిని తగ్గిస్తుందని చూపించింది. ఈ మందులు గుండె వేగాన్ని తగ్గిస్తాయి, బార్లా తెరుచుకున్న పేగుల ధమనులను కొంత మూస్తాయి. అంటే ఎగువ వానను తగ్గిస్తాయి. కార్వెడిలాల్ దానితో పాటు కాలేయం లోపలి బిగువునూ కొంత సడలిస్తుంది. చేతి బీపీ తగ్గించడం దీని ఉద్దేశం కాదు, అది తప్పనిసరి దుష్ఫలితం. పై అంకె 90 కన్నా పడిపోతే మోతాదు తగ్గించాలి, ఒక్కోసారి ఆపాలి. అందుకే ఇప్పుడు మా ఇంట్లో బీపీ యంత్రం ఉంది. అందరూ అంకె పెరిగిందా అని చూస్తారు, మేము తగ్గిందా అని చూస్తాం.

మందులకూ బ్యాండ్లకూ లొంగకపోతే కాలేయం మధ్యలోంచి లోహపు గొట్టం వేసి పోర్టల్ సిరను నేరుగా అవతలి సిరకు కలిపే మార్గం ఉంది. ఒత్తిడి వెంటనే దిగుతుంది. కానీ వడపోత తప్పిన నెత్తురు నేరుగా మెదడుకు చేరుతుంది. అసలు గొట్టం లేకపోయినా పక్క కాలువలు చేసేది కొంతవరకు అదే. పేగుల్లో పుట్టే అమ్మోనియా కాలేయాన్ని తప్పించుకుని పైకి వెళుతుంది. పగలు నిద్ర, రాత్రి మెలకువ, చేతులు చాచి మణికట్టు వెనక్కు వంచితే పక్షి రెక్కల్లా కొట్టుకోవడం, మాట తడబాటు దాని గుర్తులు. మలబద్ధకం దీన్ని రాజేస్తుంది, అందుకే రోజుకు రెండు మూడు విరేచనాలయ్యేలా లాక్టులోజ్ సిరప్ ఇస్తారు. పప్పు, గుడ్డు మాన్పించమని చుట్టాలు చెబుతారు. అది పాత పద్ధతి. మాంసకృత్తులు మానితే కండ కరిగి పరిస్థితి ఇంకా దిగజారుతుంది. రాత్రి పడుకునే ముందు కూడా కొంచెం తినమంటున్నారు ఇప్పుడు.

వైద్యుడు అత్తమ్మకు ఒక చిన్న పని అప్పగించాడు. రోజూ పొద్దున మామతో ఆయన పేరు రాయించమన్నాడు. అక్షరాలు వంకర పోతే మెదడు మసకబారుతోందని గుర్తు. గోడ క్యాలెండర్ చించిన కాగితాల వెనకాల ఆయన సంతకాలు నిండిపోయాయి. మా తరానికి ముందు నుంచీ ఇక్కడ బడి చదువు మరాఠీ, ఇంటి మాట తెలుగు. ఆయన ఒక రోజు తెలుగులో రాస్తాడు, ఒక రోజు మరాఠీలో, సరదాగా. దీపావళి మర్నాడు పేరు తెలుగులో మొదలుపెట్టి సగం నుంచి మరాఠీలోకి జారాడు, చివరి అక్షరం గీత దాటి కిందికి వేలాడింది. అడిగితే రెండు రోజులుగా విరేచనం కాలేదన్నాడు. అత్తమ్మ ఎవరికీ ఫోను చేయకముందే సిరప్ సీసా మూత తీసింది.